అరికాలి మంటల మీద పరిశోధన ఇక్కడే జరగాలి

(భీమవరంలో పీజీ వైద్య విద్యార్థులు, నర్సులు, రోగులు, వాళ్ళ కుటుంబసభ్యులు హాజరైన సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకి, తోటి వైద్యులకి, నర్సులకి, పీజీ చేస్తున్న పిల్లలకి నమస్కారం.

మన జిల్లాల్లో ఏ ఓపీలో కూర్చున్నా రోజూ వినపడే మాట ఒకటుంది. "రాత్రయితే అరికాళ్ళు మంటలండి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనండి. తెల్లారేదాకా తడిగచ్చు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటానండి." అదే మనిషి పగలు నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదంటుంది. ఓపక్క మంట, ఓపక్క మొద్దుబారడం. పుండు లేదు, వాపు లేదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. దాంతో ఇంట్లోవాళ్ళు నటిస్తోందనుకుంటారు. మన డాక్టర్లలో కూడా కొందరు అలాగే అనుకుంటారు, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

మామూలు నొప్పిలో నరం కబురు మోసుకొస్తుంది. ఈ మంటలో, అంటే నరాల నొప్పిలో, కబురు మోసే నరమే దెబ్బతింది. అది తనంతట తానే సంకేతాలు పంపుతుంటుంది, వెన్నుపాము వాటిని ఇంకాస్త పెంచుతుంది, మెదడు అవన్నీ పాదం నుంచే వస్తున్నాయనుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ముందు పాదాల్లోనే ఎందుకు మొదలవుతుందంటే, ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు అక్కడిదాకా వెళ్ళేవే. నీళ్ళు తగ్గితే కాలవ శివారు పొలాలే ముందు ఎండుతాయి కదా, అలాగన్నమాట. షుగర్ ఒక్కటే కారణం కాదు. అక్కి తగ్గిపోయాక, కుష్టుకి మందుల కోర్సు పూర్తయిన ఏళ్ళ తర్వాత, కీమో తర్వాత, పక్షవాతం తర్వాత, కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నాక కూడా ఇది వస్తుంది. జనాభాలో 7 నుంచి 10 శాతం మందికి ఈ తరహా నొప్పి ఉంటుందని అంచనా. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళే 10.1 కోట్ల మందని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే 2023లో తేల్చింది.

మందులున్నాయి. కానీ 2015లో ప్రపంచవ్యాప్త ట్రయల్స్ (రోగుల మీద మందుల పరీక్షలు) అన్నీ కలిపి లెక్క కడితే, ఉత్తుత్తి మాత్రతో వచ్చే ఉపశమనం తీసేశాక, అమిట్రిప్టిలీన్ రకం మందులు సుమారు నలుగురికి ఇస్తే ఒకరికి బాగా పనిచేస్తున్నాయి. ప్రీగాబలిన్ అయితే ఎనిమిది మందికి ఒకరు. మిగతావాళ్ళు మగతా, నోరెండటం భరిస్తూ అదే మంటతో ఇంటికెళ్తున్నారు. వాళ్ళలో ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పే పద్ధతి ఇంకా మన చేతికి రాలేదు. పరిశోధన కావాలనేది అందుకే.

ఈ ఊళ్ళోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలోని బృందం 1940ల్లో అమెరికాలో బోదకాలు మందు హెట్రజాన్‌ని తెచ్చింది. ఆ రోగం మన కాలవ గట్ల మీద ఉండేది, దాని మీద పని చేసే ప్రయోగశాల మాత్రం సముద్రం అవతల ఉండేది. ఆయనకి ఆ రోజుల్లో వేరే దారి లేదు. నరాల నొప్పి విషయంలో ఇవాళ మనకి దారి ఉంది, ఎందుకంటే ఈ పరిశోధనలో సగం పని ఓపీ గదిలోనే జరుగుతుంది.

ఒక ఉదాహరణ. 2022లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. 13 కేంద్రాలు, 130 మంది షుగర్ రోగులు. వాడినవి కొత్త మందులేం కావు: అమిట్రిప్టిలీన్, డులోక్సిటీన్, ప్రీగాబలిన్. ముందు ఏది ఇవ్వాలి, అది చాలకపోతే ఏది కలపాలి అన్నదే ప్రశ్న. ప్రతి రోగీ లాటరీ వరసలో మూడు పద్ధతులూ, ఒక్కోటి 16 వారాల చొప్పున వాడారు. దేనితో మొదలుపెట్టినా ఫలితం దాదాపు ఒకటే, ఒక మందు చాలనివాళ్ళకి రెండోది కలిపితే మేలు జరిగిందని తేలింది. ఇది మన మెడికల్ షాపుల్లో దొరికే మందుల మీద, మనం రోజూ వేసుకునే ప్రశ్న మీద చేసిన పని. ఇలాంటిది చేయడానికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు, శిక్షణ ఉన్న మనుషులు కావాలి.

ఆ శిక్షణ పాదం దగ్గర మొదలవుతుంది. పేషెంటుని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. పది గ్రాముల మోనోఫిలమెంట్, అంటే సన్నటి నైలాన్ పోగు, బొటనవేలి కింద ఆనించి వంగేదాకా నొక్కండి. "తగిలితే చెప్పండమ్మా" అనండి. తాకకుండా కూడా ఒకసారి అడగండి, లేకపోతే మర్యాద కోసం అన్నిటికీ అవుననేస్తారు. తర్వాత దూదిపింజెతో మెల్లగా నిమరండి, దానికే నొప్పేసి మొహం చిట్లిస్తున్నారేమో చూడండి. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అంటే కొడితే అదిరే రెండు కొమ్ముల లోహపు పనిముట్టు, పెట్టి, అదురు ఆగిందనగానే మీ వేలి మీద పెట్టుకుని సరిచూసుకోండి. ఇదంతా పది నిమిషాల పని. ఇది నర్సు చేసినా, పీజీ చేసినా ఒకేలా రావాలి. అలా రానన్నాళ్ళూ ఎంత పెద్ద స్టాటిస్టిక్స్ వేసినా దండగే.

రెండోది, మనల్ని మనం నమ్మేసుకోకుండా ఉండటం. నొప్పి బాగా ముదిరినప్పుడే మనిషి ఆస్పత్రికి వస్తాడు. ఏ మందూ ఇవ్వకపోయినా రెండు వారాలకి కొంత తగ్గడం మామూలే. డాక్టరు గారు ఓపిగ్గా విన్నారన్న ధైర్యంతో మరికాస్త తగ్గుతుంది. ఎవరికి ఏ మందు వెళ్ళిందో రోగికీ, పరీక్షించే డాక్టరుకీ తెలియకుండా ఉంచేది ఇందుకే. ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో మొదటి రోగిని చేర్చుకోకముందే ట్రయల్‌ని నమోదు చేసేదీ అందుకే. ఫలితం చూశాక ప్రశ్న మార్చుకోవడం కుదరదు.

మూడోది మన నేలకి సంబంధించింది. పన్నెండు వారాల అధ్యయనం సార్వా (వానాకాలం వరి) ఊడ్పుల్లో మొదలుపెడితే, రోజంతా బురదలో నడుం వంచిన మనిషికి రాత్రి నొప్పి వేరుగా ఉంటుంది. అది మందు వల్లా, పని వల్లా తేల్చలేం. అపాయింట్‌మెంట్ కోతల్లో పడితే కూలి వదులుకుని ఎవరొస్తారు? మందు పనిచేయనివాళ్ళు, మగతకి భయపడ్డవాళ్ళు ముందే మానేస్తారు. రానివాళ్ళని వదిలేసి వచ్చినవాళ్ళ లెక్కే కడితే మందు ఉన్నదానికంటే గొప్పగా కనపడుతుంది. సార్వా, దాళ్వా (రెండో పంట) పనుల క్యాలెండర్ చూసుకుని ప్రోటోకాల్, అంటే అధ్యయనం ఎలా చేయాలన్న ప్రణాళిక, రాయాలి. బడ్జెట్‌లో బస్సు చార్జీతో పాటు పోయిన కూలి కూడా రాయాలి. కాకినాడలోనో, ఏలూరులోనో చదివే పీజీకి ఈ సంగతి చెప్పకపోయినా తెలుసు. లండన్ నుంచి ప్రోటోకాల్ పంపేవాళ్ళకి తెలియదు.

ట్రయల్‌లో చేరే రోగి అంగీకార పత్రం మీద పెట్టే సంతకం సంగతి కూడా గట్టిగా చెప్పాలి. 2009-10లో గోదావరి ఎగువన, ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి టీకా ప్రాజెక్టు నడిపినప్పుడు చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ప్రభుత్వం దాన్ని ఆపించింది, పార్లమెంటు సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ అవమానం మన వైద్య లోకం మొత్తానిది. క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 నిబంధనల ప్రకారం చదువురానివాళ్ళకి నిష్పక్షపాతమైన సాక్షి ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా కూర్చుని చెప్పడం నేర్పాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చనీ, వైద్యానికి ఏ లోటూ రాదనీ కచ్చితంగా చెప్పాలి.

పిల్లలూ, మీకో మాట. 2006లో వచ్చిన ఒక పరిశోధనకి మూలం ఉత్తర పాకిస్తాన్‌లో వీధి ప్రదర్శనలు చేసుకునే ఒక కుర్రాడు. చేతుల్లోకి కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు, నొప్పనేదే తెలియదు. దగ్గరి సంబంధాలు చేసుకునే అలాంటి మూడు కుటుంబాల్ని పరీక్షిస్తే నరాల్లో నొప్పి సంకేతం పంపడానికి తోడ్పడే ఒక సోడియం ద్వారానికి చెందిన జన్యువులో లోపం బయటపడింది. నొప్పి మందుల పరిశోధనకి అదొక పెద్ద మలుపు. మన దగ్గరా మేనరికాలున్నాయి. కేసు షీట్‌లో కుటుంబ వివరాల గడిలో "ఏమీ లేదు" అని రాసి వదిలేయకండి, అడగండి.

పీజీ థీసిస్‌ని చివరి ఆర్నెల్లలో హడావుడిగా ముగించే అలవాటు పోవాలి. మొదటి ఏడాదిలోనే, ఒక్క రోగిని కూడా చేర్చుకోకముందే, స్టాటిస్టీషియన్ దగ్గర కూర్చోవాలి. ఎంబీబీఎస్ పిల్లలకి ఐసీఎంఆర్ 1979 నుంచి ఇస్తున్న రెండు నెలల పరిశోధన స్టైపెండ్ ఉంది, దానికి అప్లై చేయండి. మందు పనిచేయలేదని తేలితే అది కూడా రాయండి.

ఆస్పత్రుల పెద్దలకి నా విన్నపం: నేర్చుకోవాలనుకునే ప్రతి యువ డాక్టరుకీ వారానికి ఒక పూట ఓపీ డ్యూటీ లేకుండా చూడండి. ఒక నర్సుని ఈ పనికే కేటాయించి, ఆమె జీతం ముందే పక్కన పెట్టండి. అది లేకుండా ఎవరెన్ని ఉపన్యాసాలు చెప్పినా పని జరగదు.

మంటలతో బాధపడేవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు చాలామంది ఇక్కడే ఉన్నారు. డాక్టర్ల ప్రశ్నలు తర్వాత చూద్దాం, ముందు వాళ్ళని అడగనివ్వండి.