ఒక రోజు, మూడు బ్రూవరీలు, ముందు మామూలు బీరు

బామ్మర్ది: అందరికీ నమస్కారం, మళ్లీ మేమే. పక్కన బావ ఉన్నాడు, ఎదురుగా మంచినీళ్ల గ్లాసులున్నాయి. మాట్లాడేది బీరు గురించే అయినా, రికార్డింగ్ అయ్యేదాకా నీళ్లే అని బావ రూల్ పెట్టాడు.

బావ: పెట్టకపోతే రెండో ప్రశ్నకే నువ్వు పాట అందుకుంటావు.

బామ్మర్ది: సరేలే. సంగతేంటంటే, శనివారం బయల్దేరి చుట్టుపక్కలున్న, అక్కడే బీరు తయారుచేసి పోసే చిన్న బ్రూవరీలన్నీ చుట్టేసి వద్దామని లిస్టు రాసుకొచ్చా. ఏడు తేలాయి. ఈయన పెన్ను తీసుకుని నాలుగు కొట్టేశాడు. ఎందుకు కొట్టేశావో వినేవాళ్లకి నువ్వే చెప్పు బావా.

బావ: లెక్క చెప్తా విను. 5 శాతం బీరు అర లీటరు తాగావంటే అందులో అసలు ఆల్కహాల్ 25 మిల్లీలీటర్లు. బరువు చూస్తే ఇంచుమించు 20 గ్రాములు. మామూలు మనిషి లివరు గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములే వదిలించుకోగలదు. అంటే ఒక్క మగ్గు ఒంట్లోంచి పోవాలంటే రెండు గంటల పైమాటే. కాఫీ తాగినా, తల మీద చన్నీళ్లు గుమ్మరించుకున్నా లివరు తొందరపడదు. ఏడు చోట్ల తలో మగ్గు అంటే ఇక నువ్వే చూసుకో.

బామ్మర్ది: ఆదివారం కూడా పోయినట్టే.

బావ: అదొక్కటే కాదు. మూడో చోటు దాటాక నాలుక పనిచెయ్యదు. ఏది పోసినా "సూపర్" అంటావు. తేడా తెలియని స్థితిలో అంత దూరం వెళ్లడం దేనికి, ఇంటి దగ్గరే తాగొచ్చుగా.

బామ్మర్ది: మరి బండి ఎవరు తోలాలి?

బావ: తాగనివాడు. అలాంటివాడు మనలో లేకపోతే క్యాబ్. ఇంట్లోంచి బయల్దేరే ముందే తేలిపోవాలి ఇది. "నేను కొంచెమే తీసుకున్నా" అనేవాడి చేతికి తాళాలు ఇవ్వకూడదు. దీని మీద చర్చే లేదు, ముందుకి పద.

బామ్మర్ది: పద. మూడు చోట్లే అనుకుందాం. మొదటి దాంట్లోకి అడుగుపెట్టాం. గోడ మీద బోర్డు. కాఫీ వేసిన నల్ల బీరు, అదే కాఫీ స్టౌట్, ఏదో పండు వేసిన పుల్ల బీరు, విస్కీ పీపాలో నెలల తరబడి ఉంచినది, బాగా చేదుగా ఘాటుగా ఉండే డబల్ ఐపీఏ. నా కళ్లు అక్కడే ఆగిపోతాయి. ఏది చెప్పాలి?

బావ: బోర్డు మీద అన్నిటికంటే చప్పగా కనిపించే పేరు. పిల్స్‌నర్ ఉంటే పిల్స్‌నర్, లాగర్ ఉంటే లాగర్. లాగర్ అంటే చలిలో పులియబెట్టే బీరు, పిల్స్‌నర్ దాంట్లోనే ఒక లేత రంగు రకం. అవి లేకపోతే వాళ్ల గోధుమ బీరు.

బామ్మర్ది: అంత దూరం వెళ్లి మామూలు లాగరా! ఏ షాపులోనైనా దొరికేదేగా.

బావ: అందుకే దాన్నే అడగమంటున్నా. కాఫీ వేసినా, పండ్ల గుజ్జు వేసినా, చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు గుప్పించినా లోపల జరిగిన పొరపాటు వాటి కింద కప్పబడిపోతుంది. లేత రంగు పిల్స్‌నర్‌లో అలా దాచడానికేమీ ఉండదు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, నీళ్లు, హాప్స్, పులియబెట్టే ఈస్ట్, అంతే. అది శుభ్రంగా చెయ్యగలిగినవాడి చేతి మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వాడు కాఫీ వేసుకుంటాడో మిరియాలు వేసుకుంటాడో వాడిష్టం.

బామ్మర్ది: చెయ్యడం అంత కష్టమా?

బావ: ఓపిక కావాలి. ఎయిల్ అని వెచ్చగా పులిసే రకాలు 18 నుంచి 22 డిగ్రీల దగ్గర పులుస్తాయి, రెండు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తాయి. లాగర్ ఈస్ట్‌కి 8 నుంచి 13 డిగ్రీల చలి కావాలి. అదయ్యాక సున్నాకి దగ్గర్లో ఇంకొన్ని వారాలు ట్యాంకులోనే పడుండాలి. చిన్న బ్రూవరీకి ఉండేవే నాలుగైదు ట్యాంకులు. ఒకదాన్ని లాగర్ పట్టుకుని కూర్చుంటే, ఆ టైములో రెండు విడతల ఎయిల్ అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది ఓనరుకి. అందుకే చాలా చోట్ల బోర్డు నిండా ఎయిల్సే. లాగర్‌ని తొందరపెట్టకుండా చేసేవాడు కనపడితే నాకు గౌరవం.

బామ్మర్ది: తొందరపెడితే మనకెలా తెలుస్తుంది?

బావ: వెన్న వాసన. డయాసిటైల్ అంటారు దాన్ని. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని తయారుచేస్తుంది, టైమిస్తే మళ్లీ తనే లాక్కుంటుంది. టైమివ్వకుండా చల్లబరిచేస్తే ఆ వెన్న బీరులోనే మిగిలిపోతుంది. కొన్నిసార్లు బీరు బాగానే ఉంటుంది, ట్యాపు పైపులు కడక్కపోవడం వల్ల కూడా ఆ వాసన వస్తుంది. పచ్చి ఆపిల్ వాసన వస్తే బీరు ఇంకా పూర్తిగా తయారవ్వలేదనుకో. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే కాచేటప్పుడు బాగా మరగలేదని అనుమానించాలి.

బామ్మర్ది: ఒక చోట మనకి అదే వచ్చింది, గుర్తుందా? పేరొద్దు. పిల్స్‌నర్ అడిగితే గ్లాసు దగ్గరికి తెచ్చేసరికే వెన్న గుప్పుమంది. అడిగితే ఆ కుర్రాడు "సార్, ఇది మా స్పెషల్ స్టైల్" అన్నాడు.

బావ: (నవ్వు) పాపం వాడికి చెప్పినవాళ్లు అలా చెప్పారు. వాడినేం అనకూడదు. ట్యాంకుల దగ్గర ఉండేవాణ్ణి అడగాలి ఆ మాట.

బామ్మర్ది: ఈ పిల్స్‌నర్ పుట్టుక కథ నాకు భలే నచ్చుతుంది బావా, అది చెప్పు.

బావ: బొహీమియాలో పిల్సెన్ అని ఊరు, ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. 1838లో అక్కడి బీరు తాగలేనంత పాడైపోతే ఊళ్లోవాళ్లు పీపాలకి పీపాలు వీధిలో పారబోశారని చెప్తారు. ఇలా కాదని ఊరివాళ్లే కొత్త బ్రూవరీ కట్టుకుని, ఇప్పటి జర్మనీలో ఉన్న బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే బ్రూవర్‌ని తెచ్చుకున్నారు. 1842లో ఆయన తీసిన బీరు బంగారు రంగులో వచ్చింది. అప్పటిదాకా ఎక్కువగా ముదురు రంగు బీర్లే. లేత మాల్టు, లవణాలు బాగా తక్కువున్న ఆ ఊరి నీళ్లు, చెక్ హాప్స్, చలిలో పులిసే ఈస్ట్, అన్నీ కుదిరాయి. ఇవాళ ప్రపంచంలో అమ్ముడయ్యే లాగర్లలో ఎక్కువ భాగం దాని వారసులే.

బామ్మర్ది: జనం కోపం వచ్చి పారబోస్తే అంత మేలు జరిగిందన్నమాట. నీకు రుచించకపోతే నువ్వు కూడా...

బావ: నేను పారబోయను, గ్లాసు పక్కకి జరుపుతా. అది కూడా నేర్చుకోవాలి. డబ్బిచ్చాం కదా అని నచ్చనిదాన్ని చివరిదాకా తాగక్కర్లేదు.

బామ్మర్ది: సరే, గోధుమ బీరు సంగతి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుంది కదా. నేను చాన్నాళ్లు ఎసెన్స్ కలుపుతారనుకున్నా.

బావ: చుక్క కూడా కలపరు. అరటిపండు వాసన, లవంగం వాసన, రెండూ ఆ ఈస్ట్ చేసే పనే. వేడిగా పులిస్తే అరటి వైపు, కాస్త చల్లగా అయితే లవంగం వైపు మొగ్గుతుంది. ఒకే రకం బీరు మూడు చోట్లా అడగమనేది ఇందుకే. మొదటి చోట అరటి, రెండో చోట లవంగం, మూడో చోట రెండూ లేకుండా ఉత్త గోధుమ నీళ్లు. అప్పుడు నీకు ఆ బీరు చేసిన మనుషుల పనితనం కనపడుతుంది. ఒక్కో చోట ఒక్కో రకం తాగితే దేంతో దేన్ని పోలుస్తావు?

బామ్మర్ది: నేనొప్పుకోను. మామూలు బీరుతో మొదలుపెట్టు, సరే. కానీ వాళ్ల పిచ్చి ప్రయోగం ఒక్కటైనా రుచి చూడకుండా వస్తే ఆ బ్రూవర్ బుర్రలో ఏముందో తెలీదు. పుల్ల బీరు చేసినవాడు ఆ పులుపు కోసం రాత్రిళ్లు కూర్చుని ఉంటాడు.

బావ: ఒకటి. చిన్న గ్లాసులో. చివర్లో.

బామ్మర్ది: అమ్మయ్య, గెలిచా. చిన్న గ్లాసంటే ఆ చెక్క పలక మీద నాలుగైదు వరసగా పెట్టి ఇస్తారు చూడు, అదేనా?

బావ: అదే, టేస్టర్ సెట్. ఒక్కోటి 120, 150 మిల్లీలీటర్లు ఉంటుంది. నలుగురుంటే ఒక సెట్టు చాలు. వరస మాత్రం మనమే చూసుకోవాలి. తేలికైనవి ముందు, చేదు ఎక్కువున్నవి తర్వాత, ఘాటైనవి ఆఖర్న. ఐపీఏ ముందు తాగేసి పిల్స్‌నర్‌కి వస్తే ఉత్త నీళ్లలా ఉంటుంది, తప్పు పిల్స్‌నర్‌ది కాదు. మధ్యమధ్య మంచినీళ్లు. పొట్టలో ముందే ఏదో ఒకటి పడాలి. ఇంకోటి, ఆ రోజుకి సెంటు కొట్టుకోకు. పక్కవాడికి కూడా బీరు వాసన తెలీకుండా చేస్తావు నువ్వు.

బామ్మర్ది: అది నా మీద వేసిన చురక. నోట్ చేసుకున్నా. నల్లది కాబట్టి స్టౌట్ ఆఖర్నా?

బావ: రంగుకీ కిక్కుకీ సంబంధం లేదు. నలుపు బాగా వేయించిన బార్లీ వల్ల వస్తుంది. డ్రాఫ్ట్ గిన్నిస్ అనే స్టౌట్ అంత నల్లగా ఉంటుందా, దాని బలం 4.2 శాతమే. మామూలు లాగర్ కంటే తక్కువ. అదే బంగారు రంగులో మెరిసే బెల్జియం బీర్లు కొన్ని 8, 9 శాతం ఉంటాయి. తేనెలా దిగుతాయి, లేచి నిలబడితే తెలుస్తుంది. బోర్డు మీద ఏబీవీ అని, అంటే ఆల్కహాల్ శాతం, రాసిన అంకె చూడాలి, రంగు కాదు.

బామ్మర్ది: గ్లాసు గురించి నువ్వొకటి చెప్తుంటావు.

బావ: ఆఁ. బీరు పోశాక గ్లాసు లోపలి గోడలకి బుడగలు అతుక్కుని కదలకుండా కనపడ్డాయంటే గ్లాసు సరిగ్గా కడగలేదు. జిడ్డో, సబ్బో మిగిలింది. జిడ్డుంటే నురగ కూడా నిలవదు. శుభ్రమైన గ్లాసైతే గుక్కగుక్కకీ నురగ ఒక గీతలా అంచుకి అంటుకుంటూ దిగుతుంది. ఎన్ని గుక్కల్లో తాగావో గీతలు లెక్కపెట్టి చెప్పొచ్చు.

బామ్మర్ది: ఇప్పుడు నాకిష్టమైన భాగం. లోపలికి తీసుకెళ్లి చూపిస్తారా?

బావ: ఖాళీ టైములో వెళ్లి మర్యాదగా అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు. సాయంత్రం రద్దీలో అడిగితే ఎవరు చూపిస్తారు? మధ్యాహ్నం తలుపులు తీయగానే వెళ్లాలి. అదృష్టం బాగుంటే ఆ రోజు వంట జరుగుతూ ఉంటుంది. నలగ్గొట్టిన మాల్టుని 65, 67 డిగ్రీల వేడినీళ్లలో ఓ గంట ఉంచుతారు. గింజలోని పిండి చక్కెరగా మారేది అక్కడే. మూత తీసి చూస్తే అచ్చం అంబలి. ఆ వాసన కోసమైనా వెళ్లాలి. నీళ్లు కారాక మిగిలిన పిప్పి చాలా చోట్ల పశువుల దాణాకి పోతుంది. తీసిన రసాన్ని గంట, గంటన్నర మరిగిస్తారు, హాప్స్ పడేది అప్పుడే. ముందు వేస్తే చేదు దిగుతుంది, చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది.

బామ్మర్ది: ఆ పెద్ద స్టీలు ట్యాంకుల పక్కన బకెట్టు ఒకటి ఉంటుంది, దాంట్లో ట్యూబు మునిగి గుడగుడమంటూ ఉంటుంది. నేను మొదట ఏసీ నీళ్లు పోతున్నాయనుకున్నా.

బావ: అది ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడ్. గుడగుడ జోరుగా ఉంటే పులియడం మంచి ఊపులో ఉందని. నింపాదిగా ఒక్కో బుడగ వస్తోందంటే అయిపోవచ్చింది. ట్యాంకు అడుగు గరాటాలా ఉంటుంది చూడు, పని అయిపోయిన ఈస్ట్ అక్కడికి దిగుతుంది, కింది వాల్వు తిప్పి తీసేస్తారు. ఆ గ్యాసు గాలి కంటే బరువు, మూసిన గదుల్లో కిందే పేరుకుంటుంది, ప్రాణాలు తీసే సరుకు. అందుకే "అటు వెళ్లకండి" అంటే ఆగిపోవాలి. సెల్ఫీకి కూడా కాదు.

బామ్మర్ది: ఈస్ట్ అంటే గుర్తొచ్చింది. 1516లో బవేరియాలో చట్టం చేశారు కదా, బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదని. దాంట్లో ఈస్ట్ మాటే లేదు!

బావ: పులియడానికి కారణం ఏంటో అప్పటికి ఎవరికీ తెలీదు కదా. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ బీరు మీద పుస్తకం వేసింది 1876లో. డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ ల్యాబులో ఎమిల్ హాన్సెన్ ఒకే రకం ఈస్ట్‌ని విడదీసి పెంచింది 1883లో. అంతకుముందు అంతా అనుభవం, కాస్త దైవాధీనం.

బామ్మర్ది: ఈ చిన్న బ్రూవరీల ఊపు ఎప్పుడు మొదలైంది?

బావ: పెద్ద కంపెనీల బీరు అంతా ఒకే రుచికి వచ్చేసిందని విసిగిపోయినవాళ్లు మొదలుపెట్టారు. 1971లో బ్రిటన్‌కి చెందిన నలుగురు కలిసి పాత పద్ధతి ఎయిల్ కోసం ఉద్యమం పెట్టారు, కామ్రా అని. 1976లో కాలిఫోర్నియాలో జాక్ మెకాలిఫ్ న్యూ ఆల్బియన్ అనే చిన్న బ్రూవరీ పెట్టాడు. అది కొన్నేళ్లకే మూతపడింది గానీ, చూసినవాళ్లకి దారి తెలిసింది. 1978లో అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి కేంద్ర చట్టం ఒప్పుకుంది. వంటింట్లో నేర్చుకున్నవాళ్లే తర్వాత బ్రూవరీలు తెరిచారు.

బామ్మర్ది: చివరగా, మూడో చోటు నుంచి ఇంటికి పట్టుకెళ్లొచ్చా?

బావ: చట్టం ఒప్పుకున్న చోట గ్రౌలర్ అనే మూత సీసాలో నింపిస్తారు. పెద్దదైతే దాదాపు 1.9 లీటర్లు. ముదురు గోధుమ రంగు గాజుదే అడుగు. తెల్ల గాజులో పోసి ఎండలో పెడితే హాప్స్‌లోని పదార్థం వెలుతురుకి మారిపోయి కంపు కొడుతుంది, దానికి నిమిషాలు చాలు. కారు డిక్కీలో రోజంతా ఉడకనివ్వకు, అందుకే మొదటి చోట కాదు, ఆఖరి చోట నింపించమంటున్నా. ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఒకసారి మూత తీశాక ఆ రోజో మర్నాడో అయిపోవాలి.

బామ్మర్ది: అయిపోవడం గురించి నువ్వు బెంగపెట్టుకోకు బావా. శనివారం మధ్యాహ్నం పన్నెండుకి మొదటి దాని తలుపు దగ్గర ఉందాం. క్యాబ్ నేను బుక్ చేస్తా.

బావ: చెయ్యి. రానూపోనూ రెండూ.