కథను ఆగనివ్వని పోస్టుకార్డు

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు ఒక పోస్టుకార్డుతో మొదలుపెడతాను. జపాన్‌లో షోనెన్ జంప్ అనే వారపత్రిక ఉంది. ముతక కాగితం మీద అచ్చయ్యే ఆ లావుపాటి సంచికలో ఇరవై వరకు బొమ్మల సీరియళ్లు ఉంటాయి. వాటినే మాంగా అంటారు. ప్రతి సంచికతోనూ ఒక కార్డు వచ్చేది. ఈ వారం మీకు బాగా నచ్చిన మూడు కథలేవో రాసి పంపమనేవారు. ఆ లెక్కల్లో అడుగున పడిన కొత్త సీరియల్‌ను పది, పదిహేను వారాలకే ఆపేసేవారు. పైన నిలిచిన కథను ఆపడానికి మాత్రం ఎవరికీ మనసొప్పేది కాదు.

అకిరా తొరియామా రాసి, గీసిన డ్రాగన్ బాల్ కథ ఆ పత్రికలో 1984 చివర్లో మొదలై 1995 దాకా సాగింది. మొత్తం 519 భాగాలు. వారం వారం దాదాపు 15 పేజీలు గీయాలి. కథానాయకుడు గోకు జుట్టు నలుపు. ప్రతి బొమ్మలోనూ దాన్ని సిరాతో నింపడానికి సహాయకుడికి బోలెడంత సమయం పట్టేది. గోకు మహాశక్తి పొందినప్పుడు జుట్టు బంగారు రంగుకు మారడానికి, అంటే కాగితం మీద తెల్లగా వదిలేయడానికి, ఆ శ్రమ తగ్గించుకోవడమూ ఒక కారణమని తొరియామాయే చెప్పారు. గడువు ఒత్తిడి ఎంతటిదో ఆ తెల్లటి జుట్టులో కనిపిస్తుంది.

ఆ మార్పు వచ్చే ఘట్టమే నాకు ఈ కథకు శిఖరం. గోకు ప్రాణమిత్రుడు క్రిలిన్‌ను శత్రువు ఫ్రీజా చంపేస్తాడు. క్రిలిన్ అంతకుముందే ఒకసారి చనిపోయి, డ్రాగన్ బంతులన్నీ పోగు చేస్తే ప్రత్యక్షమై కోరికలు తీర్చే డ్రాగన్ వరంతో బతికాడు. ఆ డ్రాగన్ ఒకరిని రెండోసారి బతికించలేదు. ఇక మిత్రుడు తిరిగి రాడన్న దుఃఖంలోనే గోకు రూపం మారుతుంది. కానీ కథ సాగాలి. కొంతకాలానికి వేరే గ్రహపు డ్రాగన్ బంతులతో క్రిలిన్ మళ్లీ లేచి వస్తాడు. అతను బతికినందుకు సంతోషించాను. కానీ ఆ తర్వాత ఈ కథలో ఏ చావుకూ నా గుండె జారలేదు.

ఫ్రీజా పోయాక అంతకన్నా బలమైన శత్రువు కావాల్సి వచ్చాడు. యంత్రమానవులు వచ్చారు. సంపాదకులకు వాళ్లు నచ్చలేదు, ఇంకో జంట వచ్చింది. వాళ్లూ నచ్చలేదు, సెల్ అనే మరో శత్రువు వచ్చాడు. అతని రూపమూ నచ్చక మారుతూ పోయింది. అందులోనూ మంచి ఘట్టాలున్నాయి, కాదనను. అయినా కథ తన దారిన తాను నడవడం లేదని చదువుతున్నప్పుడే తెలిసిపోతుంది.

ప్రచురణకర్తల భయం ఉత్తది కాదు. ఒక పెద్ద కథ ఆగితే పత్రిక అమ్మకంతో పాటు సంపుటాలు, టీవీ బొమ్మల సీరియల్, ఆటవస్తువులు, వీడియో గేములు అన్నిటికీ దెబ్బే. 1995 ఆరంభంలో ఆ పత్రిక ఒక్క సంచికే 65 లక్షలు దాటి అచ్చయింది. ఆ ఏడాదే డ్రాగన్ బాల్ ముగిసింది. మరుసటి ఏడాది బాస్కెట్‌బాల్ కథ స్లామ్ డంక్ కూడా ముగిసింది. 1997కల్లా పోటీ పత్రిక అమ్మకాల్లో షోనెన్ జంప్‌ను దాటేసింది.

అయితే ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఒక మనిషి చేతినీ, నిద్రనూ తాకట్టు పెట్టడం న్యాయమని నేను ఒప్పుకోలేను. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసిన మన పాఠకులు కూడా సాగదీసిన కథను ఇట్టే పసిగట్టేవారు.

షోనెన్ జంప్‌లోనే 2016లో మొదలైన డీమన్ స్లేయర్ కథ, అమ్మకాలు ఆకాశాన్నంటుతున్న 2020 మే నెలలో 205వ భాగంతో ముగిసిపోయింది. ఆ డిసెంబరులో చివరి సంపుటి విడుదలైన రోజు పుస్తకాల దుకాణాల ముందు జనం బారులు తీరారు. మొత్తం 23 సంపుటాలు. ఒక్క అరలో సరిపోతాయి. వేసవి సెలవుల్లో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేయవచ్చు.

నమస్కారం.