నొప్పి లేదన్నా సరే, పాదం చూడాల్సిందే

(తెరపై: పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న పెద్దాయన. అరికాలి కింద నేల మీద రక్తపు మరక.)

వాయిస్: కాలికి మేకు గుచ్చుకుంది. ఆయనకు తెలియదు. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. నిద్రలో ఎలుక కొరికినా మెలకువ రానివాళ్లున్నారు. అందుకే “నొప్పేం లేదురా” అన్న మాట పట్టుకుని ఊరుకోవద్దు.

(తెరపై: బొటనవేలి కొసను తాకుతున్న చూపుడువేలు, దగ్గరగా.)

స్పర్శ ఎంతుందో ఇంట్లోనే చూడొచ్చు. దీన్ని ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లను కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం 6. ఒక్కో వేలి కొసను మీ చూపుడువేలితో ఈక వాలినంత తేలిగ్గా 1–2 సెకన్లు తాకండి. ఏ కాలో వాళ్లు చెప్పాలి. నొక్కినా, నిమిరినా పరీక్ష చెడుతుంది. తెలియలేదని మళ్లీ తాకొద్దు. రెండు లేదా అంతకుమించి వేళ్లకు తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే, డాక్టరుకు చెప్పండి.

(తెరపై: ట్యూబులైటు వెలుతురులో పాదం. నాలుగో వేలు, చిటికెనవేలు విడదీసి చూపాలి.)

ఇక రోజూ కాళ్లు కడిగాక మడమ, అరికాలు, వేళ్ల సందులు చూడండి. బొబ్బ, పగులు, ఎర్రదనం, ఆనె కింద నల్లటి మచ్చ ఉన్నాయేమో వెతకండి. తర్వాత మీ చేతి వెనకవైపు రెండు పాదాలకూ ఆనించి చూడండి. ఒకటి వేడిగా, వాచి ఉంటే బెణుకనుకుని బామ్ రాసేస్తుంటారు చాలామంది. పుండు లేకపోయినా అది లోపల ఎముకలు విరుగుతున్న షార్కో పాదం కావచ్చు. నడవనివ్వకుండా ఆరోజే చూపించాలి.

నీళ్ల వేడి మీ మోచేత్తో చూడండి, వాళ్ల కాలితో కాదు. నానబెట్టొద్దు. పాత పంచె గుడ్డతో వేళ్ల మధ్య తడి అద్దేయండి. మడమకు వాజిలిన్ రాయొచ్చు. వేళ్ల సందుల్లో రాస్తే మాత్రం పాచిపోయి ఫంగస్ పడుతుంది. గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి, మూలలు తవ్వకండి. ఆనెలకు బ్లేడూ వద్దు, కార్న్ క్యాపూ వద్దు: అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది.

(తెరపై: కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలు గీత.)

బూట్లు బిగుతుగా ఉన్నా వాళ్లకు తెలియదు, “సరిపోయాయి” అంటారు. ఇలా గీసిన కాగితం కత్తిరించి బూటులో పెట్టండి. అంచులు ముడుచుకుంటే అది ఇరుకు. హవాయి చెప్పుల పట్టీ వేళ్ల మధ్య ఒరుసుకుంటుంది, చెప్పు జారినా తెలియదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తటి అట్ట వేసిన) చెప్పులు మేలు, ఇంట్లో కూడా. బూట్లు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. గుడికి మాత్రం ఎండెక్కకముందే తీసుకెళ్లండి. కాలిన బండ మీద ఒక్క ప్రదక్షిణం చాలు, బొబ్బలెక్కడానికి.

(తెరపై: పాదం మీద శుభ్రమైన గాజు గుడ్డ.)

పుండు కనబడితే సెలైన్‌తోనో, శుభ్రమైన నీళ్లతోనో కడిగి గాజు గుడ్డ కప్పండి. పసుపు, కాఫీపొడి, సున్నం వద్దు. లోపలేముందో డాక్టరుకు కనబడకుండా పోతుంది. మర్నాటికి మించి ఆగొద్దు. నలుపు, వాసన, చీము, జ్వరం ఉంటే అప్పటికప్పుడే బయల్దేరాలి. వీధి చివరికైనా నడిపించకండి, ఆటోను గుమ్మం దాకా రమ్మనండి: బరువు పడే కొద్దీ పుండు లోతవుతుంది.