.416 రిగ్బీ హ్యాండ్‌లోడింగ్ రివ్యూ: ఖాళీ ఉంది కదా అని నింపకండి

నమస్కారం. ఈరోజు మన బెంచ్ మీద ఉన్నది .416 రిగ్బీ. కేప్ బఫెలో, ఏనుగు స్థాయి జంతువుల కోసం లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ 1911లో తెచ్చిన తూటా. అమెరికాలో, దక్షిణాఫ్రికాలో చట్టప్రకారం రీలోడింగ్, అంటే తూటాలు సొంతంగా నింపుకునే పని, చేసుకునే మనవాళ్ల కోసం ఈ వీడియో. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే ఆయుధాల చట్టం కింద నేరం.

ఈ కేస్, అంటే మందు పోసే ఇత్తడి గొట్టం, లావు చూడండి. లోపల సుమారు 130 గ్రెయిన్ల (దాదాపు 8.4 గ్రాముల) నీళ్లు పడతాయి. అప్పటి తుపాకీ మందు కార్డైట్. ఎండకి దాని ప్రెషర్ పెరిగి, పేలిన కేస్ చాంబర్‌లోనే బిగుసుకునేది. ఎదురుగా బఫెలో ఉన్నప్పుడు బోల్ట్ (చాంబర్‌ని మూసే గడియ) లేవకపోతే ప్రాణం పోతుంది. అందుకే కేస్ పెద్దది చేసి ప్రెషర్ తగ్గించారు. అమెరికా ప్రమాణ సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పరిమితి 52,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). యూరప్ సీఐపీది ఇంకా తక్కువ, సుమారు 47,000. అదే 400 గ్రెయిన్ల బుల్లెట్‌ని (తూటా నుంచి దూసుకెళ్లే ముక్కని) అదే సెకనుకి 2,400 అడుగుల వేగంతో పంపే .416 రెమింగ్టన్ మాగ్నంకి పరిమితి 65,000. రిగ్బీ గొప్పతనమంతా ఈ తేడాలోనే ఉంది.

దాన్ని చేజేతులా పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ఇంకాస్త మందు పోస్తే వేగం పెరుగుతుంది, నిజమే. ప్రైమర్ (కేస్ అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) చదును కాలేదు, బోల్ట్ సులువుగా లేచింది, కాబట్టి పర్లేదనుకుంటారు. ఆ గుర్తులు కనబడేసరికి ఈ తూటా పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దయచేసి వాటిని నమ్ముకోకండి. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టండి. మీ బ్యారెల్ పొడవుకి తగ్గట్టు లోడింగ్ మాన్యువల్ (ఎంత మందు పోయాలో చెప్పే పుస్తకం) చెప్పిన గరిష్ఠ వేగం వచ్చేసిందా, గరిష్ఠ మందు ఇంకా చేరకపోయినా సరే, అక్కడే ఆగండి.

మాన్యువల్లోని ప్రారంభ లోడ్‌తో మొదలుపెట్టి, ఒక్కో గ్రెయిన్ పెంచుతూ వెళ్లండి. ప్రతి తూకం తక్కెడ మీద చూడండి. ప్రారంభ లోడ్ కంటే కిందికీ దిగకూడదు: ఇంత పెద్ద కేస్‌లో నెమ్మదిగా మండే మందు కొంచెమే ఉంటే సరిగ్గా అంటుకోదు, ఆలస్యంగా పేలొచ్చు. మాగ్నం ప్రైమర్ వాడమనేది అందుకే.

బుల్లెట్ మారితే మళ్లీ కింది నుంచే. పూర్తి రాగి, ఇత్తడి సాలిడ్లు సీసం బుల్లెట్ల కంటే పొడవు, కేస్‌లో ఎక్కువ చోటు తింటాయి, ప్రెషర్ పెరుగుతుంది. కేస్ బ్రాండ్, ప్రైమర్, మందు లాట్ మారినా ఇదే పద్ధతి. చలికాలంలో తయారుచేసిన లోడ్‌ని జింబాబ్వే అక్టోబర్ ఎండకి తీసుకెళ్లేవాళ్లు వేడికి పెద్దగా మారని మందే ఎంచుకోవాలి, పరిమితికి కాస్త కిందే ఉండాలి.

క్రింప్ (కేస్ అంచుని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం) గట్టిగా వేయండి. తుపాకీ వెనక్కి తన్నే రికాయిల్‌కి మ్యాగజీన్‌లోని బుల్లెట్ లోపలికి జరిగితే ప్రెషర్ పెరుగుతుంది. క్రింప్ అన్నిటికీ సమానంగా పడాలంటే కేసులన్నీ 2.900 అంగుళాలు మించకుండా ఒకే పొడవుకి ట్రిమ్ చేయాలి. తూటా మొత్తం పొడవు 3.750 దాటకూడదు.

వేటకి తీసుకెళ్లే ప్రతి తూటానీ బయలుదేరేముందు రేంజ్‌లో, బ్యారెల్ సురక్షితమైన వైపు పెట్టి, మ్యాగజీన్ నుంచి చాంబర్‌లోకి ఎక్కించి దించండి. ఒక్కటి బిగుసుకున్నా దాన్ని పక్కన పెట్టేయండి.