అమ్మబడును అని రాసి ఉన్న జీపు

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మేం విశాఖపట్నం నుంచి అరకు బయల్దేరాం. బావగారు కారు నడుపుతున్నారు. నేను పక్క సీట్లో, వెనక అక్కా పిల్లలూ. శృంగవరపుకోట దాటాం, ఘాట్ రోడ్డు ఇంకా ఎక్కలేదు. ఎడమ చేతి వైపు మామిడితోట గట్టున ఒక పశువుల పాక. పాకలో గడ్డిమోపుల పక్కన, సగం టార్పాలిన్ కప్పుకుని ఒక జీపు. ముందు అద్దానికి అట్టముక్క కట్టి ఉంది. దాని మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు: 'అమ్మబడును'.

"బావగారూ, ఒక్కసారి ఆపండి" అన్నాను. "మామయ్యకి మళ్లీ జీపు కనిపించింది" అన్నారు పిల్లలు.

నాకు చిన్నప్పటి నుంచీ జీపంటే ప్రాణం. మా ఊళ్లోకి వచ్చే మోటారు బండి అంటే జీపే. టీకాలు వేసే డాక్టరమ్మ జీపులో వచ్చేది. ఓట్లడిగేవాళ్లు జీపు మీద మైకు కట్టుకుని, రంగురంగుల కరపత్రాలు విసురుకుంటూ వచ్చేవాళ్లు. ఆ కాగితాల కోసం దాని వెనక దుమ్ములో పరిగెత్తాం మేమంతా. ఇప్పటికీ రోడ్డు మీద పాత జీపు కనిపిస్తే దిగి చూడకుండా ముందుకు పోలేను.

పాకలోంచి ఒక పెద్దాయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. "సూడండి బాబూ, బాగా సూసుకోండి. మిలటరీ జీపిది. యుద్ధం నాటిది" అన్నాడు.

నేను ముందుకు వెళ్లి, రేడియేటరుకి అడ్డంగా ఉండే రేకు మీద నిలువు చీలికలు లెక్కపెట్టాను. ఏడు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం జీపుకైతే తొమ్మిది ఉండాలి.

ఈ లెక్క వెనక పెద్ద కథ ఉంది. 1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. ఒక బండి కావాలి, తేలిగ్గా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, మొదటి నమూనా 49 రోజుల్లో కావాలి అంది. అంత గడువులో చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. సెప్టెంబరు 23న, గడువు ముగిసే రోజు, బండిని సైన్యం ముందు నిలబెట్టింది. కానీ సైన్యానికి కావలసినన్ని బళ్లు చేసే శక్తి బాంటమ్‌కు లేదు. దాని నమూనా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకూ అందింది. విల్లీస్ వాళ్ల 60 గుర్రాల ఇంజన్ అందరి కన్నా బలమైనది కావడంతో వాళ్ల బండే ఖాయమైంది. 1941 నుంచి 1945 వరకు విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా తయారుచేశాయి. పుట్టించిన బాంటమ్ పేరు మాత్రం ఈ రోజు జీపు నడిపేవాళ్లలో ఎంతమంది తలుచుకుంటారు? నాకు అది ఎప్పుడూ బాధే.

ఆ యుద్ధం జీపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది హెడ్‌లైటు. దాని బిగింపు వదులు చేసి వెనక్కి తిప్పితే వెలుగు తిన్నగా ఇంజన్ మీద పడుతుంది. చీకట్లో, వానలో, అడవి మధ్య బండి ఆగిపోతే సిపాయి టార్చిలైటు వెతుక్కోనక్కర్లేదు. ఫోర్డ్ చేసిన జీపు అయితే బోల్టు తలల మీద కూడా చిన్న 'ఎఫ్' అక్షరం కొట్టి ఉంటుంది. స్టీరింగ్ అన్నిటికీ ఎడమ పక్కనే. వెనక తలుపు తెరుచుకోదు. పెట్రోలు పోయాలంటే డ్రైవరు లేచి, సీటు మెత్త ఎత్తి, కింద ఉన్న ట్యాంకులో పోయాలి.

యుద్ధం అయిపోయాక విల్లీస్ వాళ్లు అదే బండిని రైతుల కోసం మార్చారు. పేరు సీజే, అంటే సివిలియన్ జీప్. హెడ్‌లైట్లు పెద్దవి చేశారు, ముందు చీలికలు ఏడుకు తగ్గించారు, వెనక తలుపు పెట్టారు, పెట్రోలు మూత బయటికి తెచ్చారు. 1953లో కవాటాలు, అంటే వాల్వులు, పైకి వచ్చిన కొత్త ఇంజన్ పెట్టాల్సి వచ్చి, అది పట్టడానికి బోనెట్ ఎత్తు పెంచారు. అదే సీజే 3బీ. నుదురు ఎత్తుగా, కళ్లు దగ్గరగా ఉన్న మనిషిలా ఉంటుంది. ఒకసారి చూస్తే ఎంత దూరం నుంచయినా గుర్తుపడతారు.

పెద్దాయన పాకలో ఉన్నది అదే. కుడి పక్క స్టీరింగ్, ఏడు చీలికలు, ఎత్తు బోనెట్. మన మహీంద్రా జీపు.

ఆ మాట ఆయనతో అనడానికి కాస్త మొహమాటపడ్డాను. యుద్ధంలోది కాదంటే ధర తగ్గించడానికి అంటున్నాననుకుంటాడేమో అని. కానీ నిజం చెబుతున్నాను, అది మన జీపని తెలిశాక నాకు ఆశ ఇంకా పెరిగింది. 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైన కంపెనీ అది. అప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో సీజే 3బీ తయారీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ ఆకారం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది. అందుకే ఇప్పటికీ దానికి సామాన్లు దొరుకుతాయి.

బోనెట్ పక్కన పెయింటు పొక్కులు లేచి ఉంది. పైన ఆకుపచ్చ. గోటితో మెల్లగా గీకితే దాని కింద తెలుపు, ఆ కింద బూడిద రంగు. ఆ బూడిద రంగు మీద ఏదో గీత కనిపించింది. పెద్దాయన్ని అడిగి, తడిగుడ్డతో తుడిచి, ఊడివస్తున్న పెచ్చులు మాత్రం తీశాను. బ్రష్షుతో చేత్తో రాసిన తెలుగు అక్షరాలు. 'పం', చుక్క, 'స', చుక్క. పంచాయతీ సమితి.

మండలాలు వచ్చాక పుట్టినవాళ్లకు ఆ మాట తెలియకపోవచ్చు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం మండలాలు పెట్టేదాకా పల్లెలకు సంబంధించిన పనంతా సమితి ఆఫీసులోనే. సమితి పనులు చూసే అధికారి బీడీవో గారు, ఆయన జీపు. బావి తవ్వాలన్నా, బడికి గది కట్టాలన్నా, కొత్త రకం వరి విత్తనం చూపించాలన్నా ఆ జీపు రావాల్సిందే. అలా ఊళ్లు తిరిగిన బండి, వేలంలో చేతులు మారి, ఆకుపచ్చ రంగు పూయించుకుని, చివరికి 'మిలటరీ జీపు' అయి కూర్చుంది. ఆ నాలుగు గుర్తులు చూసినప్పుడు నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సరే, ప్రేమ సంగతి అలా ఉంచి, కొనేవాళ్లకు కొన్ని మాటలు చెప్పాలి. ఎందుకంటే ఆరేళ్ల కిందట నేను దెబ్బ తిన్నాను. వేరే రాష్ట్రంలో ఒకాయన దగ్గర 'ఒరిజినల్ విల్లీస్' అంటే నమ్మి అడ్వాన్సు ఇచ్చాను. పెయింటు అద్దంలా మెరుస్తోంది. తీరా మెకానిక్కుని తీసుకెళ్లి చూపిస్తే ఛాసిస్, అంటే బండి కింది ఇనప చట్రం, నంబరు దగ్గర వెల్డింగు చేసి, మళ్లీ కొట్టిన అంకెలు. ఆర్‌సీ ఇంకో బండిది. ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు. చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నేను ముందు చూసేది కాగితాలే. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. పాత జీపుల్లో చాలావాటికి పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టారు. పర్లేదు, కానీ ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడండి. ఎక్కకపోతే రేపు ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు టెన్షన్ మీదే. సొంత బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది, అది ఎక్కడ ఆగిపోయిందో కూడా అడగండి. ఇక 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు. కాకపోతే అలాంటి బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు గానీ రోజూ ఆఫీసుకు వేసుకుపోకూడదు.

కాగితాలు బాగుంటే అప్పుడు బండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. రేకు ఉన్నచోట టక్కున అతుక్కుంటుంది, లప్పం మందంగా పూసినచోట జారిపోతుంది. తర్వాత కింద పడుకుని చూడండి, బట్టలు మాసినా పర్లేదు. కమాన్ కట్టలు ఛాసిస్‌కు తగులుకునే చోట తుప్పు తినేసి ఉంటే ఆ బండి జోలికి పోవద్దు. ఫోర్ బై ఫోర్ పనిచేస్తోందని నోటిమాటగా చెబితే వినకండి. తడి మట్టిలోకి దించి, చిన్న గేరు కడ్డీ వేసి, ముందు చక్రాలు లాగుతున్నాయో లేదో కళ్లతో చూడండి.

హరియాణాలో మండీ డబ్వాలీ అనే ఊరుంది, పంజాబ్ సరిహద్దులో. అడిగినట్టు జీపు తయారుచేసి ఇవ్వడానికి ఆ ఊరు పెట్టింది పేరు. అక్కడి పనివాళ్ల చేతిలో గొప్ప నైపుణ్యం ఉంది, నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ కొత్త రేకుతో కొత్తగా కట్టిన జీపుని పాతదని చెప్పి అమ్మడం వేరే సంగతి. మోజు పడి కొత్తగా కట్టించుకోవాలనుకుంటే కట్టించుకోండి. పాతదానికిచ్చే ధర మాత్రం దానికి పెట్టకండి. ఆ బండిని ఆర్‌టీఏ ఒప్పుకుంటుందా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఆ రోజు ఘాట్ రోడ్డు ఎక్కాక పిల్లలకు కూడా హుషారు వచ్చింది. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి మనుషుల్ని దించే జీపులు వరసగా నిలబడి ఉంటే, దిగి ఒక్కొక్కదాని చీలికలు లెక్కపెట్టారు. అవన్నీ ఈ మధ్య కాలానివే, పొడుగు బళ్లు. రాళ్లదారిలో రోజుకి ఎన్ని ట్రిప్పులు తిరుగుతాయో చూస్తే ఆ డ్రైవర్లకీ ఆ బళ్లకీ నమస్కారం పెట్టాలనిపిస్తుంది. మా మేనకోడలు ఒక డ్రైవర్ని "అన్నా, ఎత్తు బోనెట్ జీపులు ఉన్నాయా?" అని అడిగింది. "మా నాన్న నడిపేవాడమ్మా, ఇప్పుడు లేవు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం తిరిగి వస్తూ మళ్లీ ఆ పాక దగ్గర ఆగాం. ఆర్‌సీ తెప్పించి చూపించాడు పెద్దాయన. నంబర్లు సరిపోయాయి. వచ్చే ఆదివారం గాజువాక నుంచి మెకానిక్కుని తీసుకొస్తానని చెప్పి, నా ఫోన్ నంబరు రాసిచ్చాను. అట్టముక్క తీసి జీపులో పడేశాడు.

కారు ఎక్కుతుంటే వెనక నుంచి పిలిచాడు. "బాబూ, మీరొచ్చీలోగా మంచి పెయింటు కొట్టించి ఉంచమంటారా? కొత్తదానిలాగ ఉంటాది."

"వద్దు తాతా. ఆ అక్షరాల మీద ఒక గుడ్డ కప్పి ఉంచు, చాలు" అన్నాను.

నమస్కారం.