కటింగులు పోను చేతికెంత?

శ్రోతలకు నమస్కారం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల్ని మన ఇళ్లలో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. "కటింగులు పోను చేతికెంత వస్తుందిరా?" కట్ అయిందంటే ఆ డబ్బు పోయినట్టేనని మనలో చాలామంది నమ్మకం. అది ఎక్కడికి వెళ్తుందో, దానికి ఎవరెంత కలుపుతారో, మనకు ఎప్పుడు అక్కరకొస్తుందో ఈ రోజు చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న లెక్క. ఒక అమ్మాయికి నెల జీతం 14,000 రూపాయలు. అదంతా మూలవేతనం, కరువు భత్యమే అనుకుందాం. ఈఎస్‌ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా కింద ఆమె జీతంలోంచి ముప్పావు శాతం, అంటే 105 రూపాయలు పడుతుంది. పీఎఫ్, అదే భవిష్య నిధి కింద 12 శాతం, అంటే 1,680. రెండూ పోను చేతికి 12,215 వస్తాయి. పే స్లిప్పులో ఆమెకు కనిపించేది ఇంతే. ఆమె 105 కడితే యజమాని తన జేబులోంచి 455 రూపాయలు ఈఎస్‌ఐకి కట్టాలి. పీఎఫ్‌కు ఇంకో 1,680 కట్టాలి. అంటే ఆ అమ్మాయి పేరున నెలనెలా మరో 2,135 రూపాయలు జమ కావాలి. యజమాని దయతలిచి ఇచ్చే డబ్బు కాదది. ఆమె పనికి రావాల్సిన ప్రతిఫలంలో భాగం. తన వాటాను కార్మికుడి జీతంలోంచి కోసుకునే హక్కు యజమానికి లేదని చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఆ డబ్బు ఎలా అక్కరకొస్తుందో నాకు చిన్నప్పుడే తెలిసింది. మా నాన్న హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. ఒకరోజు ప్రెస్సు మిషను కింద కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. ఆ రాత్రి ఇంట్లో నాన్న చెయ్యి గురించి ఏడ్చినంతసేపూ, రేపటి బియ్యం గురించిన భయం కూడా అందరి మొహాల్లో కనిపించింది. కొన్నాళ్లకు అమ్మ చేతికి డబ్బు వచ్చింది. పనికి వెళ్లలేని రోజులకు లెక్కగట్టి ఈఎస్‌ఐ వాళ్లు ఇచ్చిన డబ్బది. ఆ తర్వాత మెడికల్ బోర్డు నాన్న చెయ్యి చూసి, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో తేల్చింది. దాని ప్రకారం చిన్న పింఛను మొదలైంది. నాన్న మళ్లీ పనిలో చేరాక కూడా అది ఆగలేదు.

ఇప్పుడైతే పనిలో దెబ్బ తగిలిన మనిషికి, కోలుకునేదాకా జీతంలో 90 శాతం ఇస్తారు. ఇందుకు ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. పొద్దున చేరి మధ్యాహ్నం దెబ్బ తగిలినా హక్కు హక్కే. ఇంటి నుంచి పనికి వస్తూనో, పని నుంచి ఇంటికి పోతూనో ప్రమాదం జరిగినా, దానికి పనితో సంబంధం ఉందని తేలితే వర్తిస్తుంది. 2010 నుంచి ఈ మాట చట్టంలో ఉంది. బైకు మీద డ్యూటీకి పోతూ పడిపోయిన పిల్లల తల్లిదండ్రులు చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. అంతకుముందు మన దేశంలో 1923 నాటి నష్టపరిహారం చట్టం ఉండేది. దెబ్బ తగిలితే ఆ యజమానే పరిహారం ఇవ్వాలి. ఇవ్వనంటే కార్మికుడు తనకు కూలి ఇచ్చే మనిషితోనే తగవు పెట్టుకోవాలి. చిన్న యజమాని అయితే ఇవ్వాలనుకున్నా ఇవ్వలేని పరిస్థితి. ఇక మామూలు జబ్బు చేస్తే అడిగే దిక్కే లేదు. జర్మనీ ఈ చిక్కును 1883లోనే జబ్బుల బీమాతో విప్పడం మొదలుపెట్టింది. మన దగ్గర ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ కార్మికుల ఆరోగ్య బీమా మీద 1944లో నివేదిక ఇచ్చారు. దాని పునాది మీద 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. ఒక్క మనిషి నెత్తిన పడే బరువును లక్షలమంది తలా కాస్త మోయడమే దీని కిటుకు.

ప్రసవం సెలవు దగ్గర ఈ కిటుకు విలువ బాగా తెలుస్తుంది. ఈఎస్‌ఐ ఉన్న స్త్రీకి 26 వారాలు పూర్తి జీతం ఈఎస్‌ఐ నిధి నుంచే వస్తుంది. ఆమెను పనిలో పెట్టుకున్న యజమాని మీద ఆ భారం విడిగా పడదు. ఈఎస్‌ఐ లేని చోట ప్రసూతి చట్టం ప్రకారం అదే జీతం యజమాని ఇవ్వాలి. అందుకే కొన్ని చోట్ల ఇంటర్వ్యూలోనే "పెళ్లయిందా, పిల్లల్ని ఎప్పుడు కంటారు?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న అడగడం తప్పు. కానీ ఆ ఖర్చును అందరూ పంచుకునే పద్ధతి ఇంకా విస్తరిస్తే, ఆ ప్రశ్న అడిగే అవసరమే చాలావరకు పోతుందని నా నమ్మకం.

ఇక జబ్బు సెలవుకిచ్చే డబ్బు. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం ఇస్తారు. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘ వ్యాధులకైతే 80 శాతం చొప్పున, అర్హతను బట్టి రెండేళ్ల దాకా ఇస్తారు. అయితే దీనికి ఒక లెక్క ఉంది. ఏడాదిని రెండు ఆరునెలలుగా విడగొడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు ఫలితం ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జులై నుంచి డిసెంబరు దాకా. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులు చందా పడి ఉండాలి. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రవాడు, మూడు నెలలకోసారి మేస్త్రీని మారుస్తూ, మధ్యలో ఇంటికి వస్తూ పోతూ ఉంటే ఆ 78 తప్పిపోతుంది. అందుకే మీ రోజులు ఎన్ని పడ్డాయో చూసుకోండి. అయితే మామూలు వైద్యానికి ఈ ఎదురుచూపు లేదు. చేరిన రోజు నుంచే మీకూ మీ కుటుంబానికీ డిస్పెన్సరీకి వెళ్లే హక్కు ఉంటుంది. మీరు ఒక ఊళ్లో, కుటుంబం ఇంకో ఊళ్లో ఉన్నా వాళ్లు అక్కడే చూపించుకోవచ్చు.

ఉద్యోగం మారినప్పుడు కొత్త కంపెనీలో కొత్త ఈఎస్‌ఐ నంబరు తీసుకోకండి. పాత నంబరే ఇవ్వండి. నంబరు మారితే మీ రోజులు రెండు ముక్కలైపోతాయి.

నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. ఈఎస్‌ఐకి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. 2017 జనవరిలో పెట్టిన గీత అది, ఈ ప్రసంగం రాసుకునే నాటికీ అదే ఉంది. మా పక్కింటి అబ్బాయి తల్లికి డయాలసిస్ ఈఎస్‌ఐ మీదే జరిగేది. అతనికి జీతం పెరిగి 21,000 దాటింది. ఆ చందా కాలం ముగిసేదాకా మాత్రం నడిచింది, తర్వాత కార్డు ఆగిపోయింది. జీతం పెరిగిందని స్వీట్లు పంచిన ఇంట్లోనే ఆస్పత్రి ఖర్చు టెన్షన్ మొదలైంది. గీత దాటగానే అంతా ఒక్కసారిగా తెగిపోవడం న్యాయం కాదు. ధరలు పెరిగిన కొద్దీ ఆ గీత దానంతట అదే జరిగేలా చేయాలి.

ఇంతకన్నా పెద్ద దగా ఇంకొకటి ఉంది. జీతంలోంచి కోస్తారు, కానీ కట్టరు. నేను ఒకప్పుడు లెక్కలు రాసిన ఒక సంస్థలో అదే జరిగింది. పే స్లిప్పుల్లో పీఎఫ్ అని ప్రతి నెలా రాసేవాళ్లం. ఖాతాలో మాత్రం ఎనిమిది నెలలుగా పైసా లేదు. అప్పుడు నేను గట్టిగా నోరు విప్పలేకపోయాను. అది ఇప్పటికీ నన్ను తొలుస్తుంది. కార్మికుడి దగ్గర కోసి కట్టకుండా వాడుకోవడం కేవలం బాకీ కాదు. మన శిక్షా చట్టం దాన్ని నమ్మకద్రోహం నేరంగా చూస్తుంది. యజమాని కట్టలేదు కాబట్టి నీకేమీ రాదని ఈఎస్‌ఐ మిమ్మల్ని తిప్పి పంపాల్సిన పనీ లేదు. మీకు ఇవ్వాల్సింది ఇచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం దానికి ఉంది. అందుకే పే స్లిప్పులు పారేయకండి. పీఎఫ్ పాస్‌బుక్కును ఫోన్లో నెలకోసారి చూసుకోండి.

పీఎఫ్ గురించి ఒక్క ముఖ్యమైన సంగతి. యజమాని కట్టే 12 శాతంలోంచి, జీతంలో 8.33 శాతం పింఛను ఖాతాకు వెళ్తుంది, 15,000 జీతం వరకే లెక్క. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. చాలామంది ఉద్యోగం మారగానే పీఎఫ్‌తో పాటు పింఛను డబ్బూ తీసేసుకుంటారు. చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, ఆ సర్వీసు కాస్తా తెగిపోతుంది. తీసుకునే బదులు కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. ఇంకో మాట, పెళ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లి తర్వాత చెల్లదు. మళ్లీ రాయాలి.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసిన సర్వీసుకు యజమాని ఇచ్చే మొత్తం, అది కూడా చట్టం ఇచ్చిందే. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, మామూలుగా ఐదేళ్లు నిండితే వస్తుంది. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఐదేళ్ల షరతు వర్తించదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌తో, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకు ఏడాదికే ఈ హక్కు వచ్చింది. బండి మీద భోజనం తెచ్చిచ్చే కుర్రాళ్లకు కూడా మొదటిసారి దేశ స్థాయి చట్టంలో చోటు దక్కింది. కంపెనీ విడిగా తీసే గ్రూప్ ఇన్సూరెన్సు, రాయితీ భోజనం, పండక్కి ఇచ్చే బహుమతి వేరు. అవి మంచివే. కానీ వాటిలో చాలావరకు ఉద్యోగం మానేసిన రోజే ఆగిపోతాయి. ఉద్యోగం ఒప్పుకునే ముందు ఏది చట్టం ఇచ్చింది, ఏది కంపెనీ ఇష్టం అని విడివిడిగా అడగండి. అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

మా నాన్న రిటైరై చాలా ఏళ్లయింది. ఐదేళ్లకు పైగా ఈఎస్‌ఐలో ఉండి వయసు నిండి రిటైరైన వాళ్లు, ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. ప్రతి ఏడాదీ ఆ 120 తనే వెళ్లి కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటారు. మందుల రోజున ఆయనా అమ్మా మెట్రోలో ఈఎస్‌ఐ హాస్పిటల్ స్టేషన్‌లో దిగుతారు. ఎడమచేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని, మూడు వేళ్ల కుడిచేత్తో రెయిలింగు పట్టుకుని మెట్లు దిగుతారు.

సెలవు. నమస్కారం.