చదువు ముగిసిన కొన్నేళ్లకు నర్సుగా తొలి ఉద్యోగం వెతుక్కోవడం ఎలా?

నమస్కారం. కనిగిరి దగ్గరి ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి పంపిన ప్రశ్నకు ఈ రోజు సమాధానం చెబుతాను. ఆమె 2021లో బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. ఫలితాలు వచ్చిన నాలుగు నెలలకే పెళ్లయింది, మరుసటి ఏడు పాప పుట్టింది, ఆ తరువాత మామగారికి పక్షవాతం రావడంతో ఆయన బాగోగులు ఆమె మీద పడ్డాయి. ఇప్పుడు పాపను బడిలో వేశారు, ఉద్యోగం చూసుకోమని భర్త కూడా అంటున్నాడు. "ఆసుపత్రిలో ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయని నన్ను ఇన్నేళ్ల తరువాత ఎవరు తీసుకుంటారక్కా?" అని ఆమె అడిగింది.

తీసుకుంటారమ్మా. నేను నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎం పూర్తి చేశాక మూడేళ్లు ఇంట్లోనే ఉండి, ఆ తరువాత నెల్లూరులో చేరినదాన్ని. ఇప్పుడు వార్డు ఇన్‌ఛార్జిగా, కొత్తగా వచ్చే అమ్మాయిలను ప్రశ్నలు అడిగే బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. అక్కడ కూర్చున్న వారికి మీరు ఎన్నేళ్లు ఇంట్లో ఉన్నారన్నది పెద్ద విషయం కాదు. ఈ అమ్మాయిని రాత్రి పన్నెండు గంటలకు పదిమంది రోగుల దగ్గర వదిలితే చేయి తడబడుతుందా అన్నదే వారి భయం. కాబట్టి ఉద్యోగం వెతకడానికి ముందు మీరు పోగొట్టవలసింది ఆ భయాన్ని.

ముందుగా కాగితాల సంగతి. పెళ్లి తొందరలో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా ఉండిపోయిన వారు నాకు ఏటా ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. డిగ్రీ పట్టా ఎంత మంచి మార్కులతో ఉన్నా, విజయవాడలోని ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు కాకుండా మీరు నర్సుగా సూది పట్టడానికి వీలులేదు. చేయించుకున్న వారు దాని గడువు తేదీ ఒకసారి చూసుకోండి. పెళ్లి తరువాత ఆధార్ కార్డులో ఇంటిపేరు మార్చుకొని ఉంటే, పదో తరగతి ధ్రువపత్రంలోని పేరుకూ దానికీ పొంతన కుదరక పని ఆగిపోతుంది. దానిని ఇప్పుడే సరిచేయించుకోండి.

ఇక చేతి సంగతికి వద్దాం. నా మొదటి ఇంటర్వ్యూలో నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం నా ధ్రువపత్రాలు పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపి, "500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావు?" అని అడిగారు. మూడేళ్ల క్రితం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన లెక్క అది. ఆ రోజు మాత్రం కలం పట్టుకొని కూర్చుండిపోయాను. డ్రిప్ సెట్ కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ముద్రించి ఉంటే, 500ను 20తో గుణించి, నాలుగు గంటలకు ఉన్న 240 నిమిషాలతో భాగించాలి. దాదాపు 42 చుక్కలు వస్తాయి. చిన్నపిల్లలకు వాడే మైక్రో సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు కాబట్టి లెక్క మారుతుంది. మేడం నన్ను కోప్పడలేదు. "లెక్క మరచిపోవడం తప్పు కాదు, మరచిపోయానని తెలుసుకోకుండా రోగి దగ్గరకు రావడం తప్పు, నెల తరువాత రా" అన్నారు. ఆ నెల రోజుల్లో నేను చేసిన పనులే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా అత్తగారికి బీపీ ఉంది. ప్రతి ఉదయం కాఫీ తాగకముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మిషన్‌లో అంకెలు చూడకుండా, చేతికి పట్టీ కట్టి, స్టెతస్కోపుతో విని బీపీ చూసేదాన్ని. మొదటి వారం మొదటి శబ్దం ఎక్కడ మొదలైందో, చివరి శబ్దం ఎక్కడ ఆగిందో పట్టుకోలేకపోయాను. పది రోజులు దాటాక చెవికి అలవాటు తిరిగి వచ్చింది. ఆ తరువాత నేను చదువుకున్న కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ గారిని బతిమాలుకున్నాను. వారానికి రెండు మధ్యాహ్నాలు విద్యార్థులు లేని వేళ ల్యాబ్‌లో బొమ్మ చేతి మీద క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం, పెట్టుకోనిచ్చారు. ఆకుపచ్చది 18, గులాబీది 20, నీలిది 22 సైజు అని రంగులు గుర్తుకు వచ్చినంత త్వరగా, సూదిని ఎంత వంపులో దించాలన్నది చేతికి గుర్తుకు రాలేదు. అందుకే పుస్తకం ముందు పది రోజులు కూర్చోవడం కంటే ల్యాబ్‌లో రెండు గంటలు గడపడం మేలని నేను గట్టిగా చెబుతాను. మీ కాలేజీ వారిని అడగడానికి మొహమాటపడకండి. పాత విద్యార్థిని వచ్చి నేర్చుకుంటానంటే కాదనే టీచర్లు తక్కువ.

మీరు తప్పక తిరగేయవలసిన విషయం ఒకటి ఉంది. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజి వాడాలి. పెన్నుల్లో వాడే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. పెన్ను దొరకలేదని ఆ కార్ట్రిడ్జ్ లోని మందును ఎర్ర మూత సిరంజిలోకి పది గీతల వరకు లాగితే, రోగికి పది యూనిట్లు కాదు, ఇరవై అయిదు యూనిట్లు వెళతాయి. తెల్లవారుజామున ఆ రోగి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. కొత్త వారిని నేను అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి. పొటాషియం క్లోరైడును నేరుగా నరంలోకి ఎక్కించకూడదన్నది, వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా తెల్ల డబ్బాలో వేయాలన్నది, గుండె ఆగినప్పుడు ముప్ఫై నొక్కులకు రెండు శ్వాసలన్నది కూడా తడుముకోకుండా చెప్పగలగాలి. వీలైతే గుండె, శ్వాస ఆగినవారిని కాపాడడం నేర్పే బీఎల్ఎస్ శిక్షణ తీసుకొని, ఆ ధ్రువపత్రం వెంట తీసుకువెళ్లండి. చదువు ముగిశాక మీరు నేర్చుకోవడం ఆపలేదని దానివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు మధ్యలో గడిచిన ఏళ్ల గురించి ఎలా చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు, రెండు వాక్యాల్లో చెప్పండి. క్షమాపణ అడుగుతున్నట్టు తల దించుకొని చెప్పవద్దు. కనిగిరి అమ్మాయీ, నీ విషయంలో నేనయితే ఇలా చెబుతాను: "పాప పుట్టడం వల్ల, పక్షవాతం వచ్చిన మామగారిని చూసుకోవలసి రావడం వల్ల ఉద్యోగంలో చేరలేదు. ఆయనను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతూ, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తూ, ఒక్క పుండు కూడా పడకుండా చూసుకున్నాను." పక్షవాతం రోగి నడుము దగ్గర పుండు పడకుండా నెలల తరబడి కాపాడడమంటే ఎంత పనో వార్డులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. అది ఉద్యోగానుభవం కాదు, అలా రాయకూడదు కూడా, కానీ అది నర్సింగే. ఇంకొక మాట. 2020, 2021 సంవత్సరాల్లో చదువుకున్న వారికి కోవిడ్ వల్ల వార్డు పోస్టింగులు సరిగా జరగలేదన్నది ఆసుపత్రుల వారికి తెలియని విషయం కాదు. ఏ పని చేయలేదో దాచకుండా చెప్పి, నేర్పమని అడగండి.

ఎక్కడ ప్రయత్నించాలన్న దానికి నా అభిప్రాయం చెబుతాను. నెల్లూరులో పొగతోట వీధుల్లో నడుస్తూ పోతే గడపకొక నర్సింగ్ హోం కనిపిస్తుంది, ఒంగోలులో కూడా కర్నూలు రోడ్డు వైపు ఆసుపత్రులున్నాయి. ఫోన్‌లో బయోడేటా పంపి ఎదురుచూడడం కంటే, ఓపీ రద్దీ తగ్గాక మధ్యాహ్నం స్వయంగా వెళ్లి, రిసెప్షన్‌లో కాగితాలు వదిలేయకుండా నర్సింగ్ ఇన్‌ఛార్జిని కలవాలని అడగండి. ఇరవై పడకల చోట ప్రసవం, ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ అన్నీ ఒకే నెలలో చేతికి వస్తాయి, కానీ పక్కన నిలబడి నేర్పే పెద్ద సిస్టర్ ఉన్నారో లేదో చూసుకోండి. లేని చోట మొదటి రోజే ఒంటరిగా నైట్ డ్యూటీ వేస్తామంటే చేరవద్దు. జీఎన్ఎం చదివిన వారికి మాత్రం పడకల సంఖ్య ముఖ్యం. మంగళగిరితో సహా ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ల కోసం పెట్టే నార్‌సెట్ పరీక్షకు, జీఎన్ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. బీఎస్సీ వారికి ఆ నిబంధన లేదు. అయితే వయోపరిమితి 30 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్న వర్గాలకు కొంత సడలింపు ఉంటుంది. కనుక ఆ ఆలోచన ఉన్నవారు మరో రెండేళ్లు ఆగుదామనుకోవద్దు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో చాలామందికి తెలియని మాట ఒకటి ఉంది. వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు పద్ధతిలో స్టాఫ్ నర్సుల కోసం ఇస్తూ వచ్చిన ప్రకటనల్లో రాత పరీక్ష లేకుండా నూరు మార్కులకు ఎంపిక జరిగింది. అందులో 75 చదువులో వచ్చిన మార్కులకు. అర్హత సంపాదించిన తరువాత పూర్తయిన ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్క మార్కు చొప్పున 10 వరకు. మిగిలిన 15 ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు. అంటే 70 శాతం వచ్చి నాలుగేళ్లు ఇంట్లో ఉన్న అమ్మాయికి 52.5కు 4 కలిసి 56.5 అవుతాయి. ఈ ఏడే 74 శాతంతో బయటకు వచ్చిన అమ్మాయికి 55.5 దగ్గరే ఆగిపోతాయి. మీరు దేనిని చూసి కుమిలిపోతున్నారో ఆ ఏళ్లే అక్కడ మీకు మార్కులుగా కలుస్తాయి. నెల్లూరు, ఒంగోలు వైపు వారికి గుంటూరులోని ఆ శాఖ ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం ఈ ప్రకటనలు ఇస్తూ వచ్చింది, వాటి కోసం చూస్తూ ఉండాలి. ఒకసారి కాంట్రాక్టులో చేరితే పల్లె ప్రాంతంలో చేసిన ప్రతి ఆరు నెలలకు రెండు మార్కులు, గిరిజన ప్రాంతంలో రెండున్నర, పట్టణంలో ఒకటి చొప్పున తరువాతి ప్రకటనలకు తోడవుతూ వచ్చాయి. ప్రకటన వచ్చిన ప్రతిసారీ నిబంధనలు పూర్తిగా చదువుకొని దరఖాస్తు చేయండి.

జీతం గురించి కూడా చెప్పాలి. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత కేంద్రం వేసిన సంఘం, 50 పడకల కంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. మన దగ్గర చాలా చోట్ల మొదటి జీతం అంతకు తక్కువే ఉంటోంది, ఇది నాకు బాధ కలిగించే విషయం. తక్కువకు చేరవలసి వచ్చినా, ఆరు నెలల తరువాత ఎంత పెంచుతారో చేరే రోజే అడగండి. శిక్షణ పేరుతో నెలల తరబడి జీతం లేకుండా చేయించుకుంటామంటే మాత్రం బయటకు వచ్చేయండి.

అసలు ధ్రువపత్రాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. నేను చేరిన తొలి ఆసుపత్రిలో వాటిని తీసి బీరువాలో పెట్టుకున్నారు. వేరే చోట మంచి అవకాశం వచ్చినప్పుడు తిరిగి ఇవ్వడానికి నన్ను ఎనిమిది నెలలు తిప్పారు, ఆ అవకాశం పోయింది. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చుకోండి. అలాగే డబ్బు తీసుకొని రెండేళ్ల అనుభవ పత్రం రాసి ఇస్తామనే వారి దగ్గరకు పోవద్దు. పట్టుబడితే రిజిస్ట్రేషన్‌కే ముప్పు. పట్టుబడకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే రెండేళ్ల అనుభవం ఉందని నమ్మి మిమ్మల్ని ఐసీయూలో వేస్తారు.

చివరగా, ఇంట్లో మాట్లాడవలసిన విషయం. ఉద్యోగం వచ్చిన తరువాత నైట్ డ్యూటీ దగ్గర గొడవపడి మానేసిన వారిని చాలామందిని చూశాను. రాత్రి ఎనిమిదికి ఎక్కితే ఉదయం ఎనిమిది వరకు ఉండవలసిన డ్యూటీకి కనిగిరి నుంచో, ఉదయగిరి నుంచో రోజూ బస్సులో రావడం కుదరదు. హాస్టల్ ఇస్తారా, పాపను ఎవరు పడుకోబెడతారు, వారానికి ఎన్ని రాత్రులు అన్నవి ఇంటర్వ్యూకు ముందే భర్తతో, అత్తగారితో కూర్చొని తేల్చుకోండి. మా ఇంట్లో ఆ మాట నేను ఎత్తడానికి భయపడుతుంటే మా అత్తగారే, "నెల రోజులు నా చేతికి పట్టీ కట్టి నేర్చుకున్నది ఇంట్లో కూర్చోవడానికా?" అన్నారు. మా పిల్లవాడిని ఆమె తన పక్కన పడుకోబెట్టుకున్నారు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సెకన్ల ముల్లు ఉన్న గడియారం చేతికి పెట్టుకోండి. వార్డులో ఫోన్ తీయనివ్వరు. నెల తరువాత నేను మళ్లీ వెళ్లినప్పుడు మేడం కాగితం ఇవ్వలేదు, తిన్నగా ఒక మంచం దగ్గరకు తీసుకువెళ్లి, ఎక్కుతున్న సెలైన్ చూపించి చుక్కలు సరిచేయమన్నారు. మా నాన్న పాత హెచ్ఎంటీ గడియారం చూస్తూ, పదిహేను సెకన్లకు పది చుక్కలు పడేదాకా చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పాను. ఆమె తన గడియారంతో ఒక నిమిషం పాటు లెక్కపెట్టి, సోమవారం నుంచి రమ్మన్నారు.